డిస్కు రాత పాఠాలు – 5వ భాగం: రాత ఎక్కడ ఆగింది?

గత భాగంలో ఇమేజ్ ఫైలు (డిస్కులో ఉండవలసినదంతా ఒకే ఫైలుగా కూర్చినది) తయారుచేసి, దాన్ని ఖాళీ డిస్కుకు ఎక్కించడం దాకా వచ్చాం. కొందరికి మొదటి డిస్కే చక్కగా వచ్చి ఉంటుంది, కొందరికి రెండోదో మూడోదో చెడిపోయి ఉంటుంది. ఈ భాగం ఆ చెడిపోయిన డిస్కు గురించే. దాన్ని అప్పుడే చెత్తబుట్టలో వేయకండి.

పెన్‌డ్రైవ్‌లు వచ్చాక ఇంకా ఈ విద్య ఎందుకని కొందరు అడుగుతూనే ఉంటారు. విజయవాడ సూర్యారావుపేటలో స్కాన్ తీయించుకున్నవారి చేతిలో ఫిల్ముతోపాటు సీడీ కూడా కనిపిస్తుంది. పెళ్లి వీడియో డీవీడీగా కావాలని పట్టుబట్టే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. గుంటూరులో ఏ న్యాయవాది గుమాస్తాను అడిగినా, ఫోను సంభాషణనో సీసీ కెమెరా దృశ్యాన్నో డిస్కులో దాఖలు చేసే పని ఎలాంటిదో చెబుతారు. ఆ డిస్కు కోర్టు హాలులో తెరుచుకోకపోతే ఎదురయ్యే ఇబ్బంది చిన్నది కాదు.

సరే, అసలు విషయం. డిస్కు చెడిపోగానే అందరూ తెరమీది ఎర్రర్ సందేశాన్ని పట్టుకుని వేలాడతారు. నా మాట వింటే దాన్ని రెండో స్థానంలో పెట్టండి. ముందు చూడవలసింది రాత ఎంత శాతం దగ్గర ఆగిందన్నది. ఒకే సందేశం పది కారణాల వల్ల రావచ్చు. ఆగిన చోటు మాత్రం ఆ పదింటిలో ఏడెనిమిదింటిని అక్కడికక్కడే కొట్టివేస్తుంది.

శాతం గుర్తులేకపోతే డిస్కే చెబుతుంది. రాత మధ్య రంధ్రం వైపు నుంచి బయటి అంచు వైపుకు సాగుతుంది. అడుగు భాగాన్ని వెలుతురులో కాస్త ఏటవాలుగా పట్టి చూడండి. రాసినంత మేర రంగు కొద్దిగా మారి, ఒక వలయం దగ్గర ఆగిపోతుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. బయటి చుట్లు పొడవు ఎక్కువ కాబట్టి వాటిలో సమాచారం ఎక్కువ పడుతుంది. డీవీడీలో ఆ వలయం వెడల్పులో సరిగ్గా సగం దగ్గర కనిపిస్తే సగం రాసిందనుకోకండి, అది దాదాపు 40 శాతమే.

అసలు మొదలే కాకపోతే

సున్నా శాతం దగ్గరే ఆగితే మీ ఫైళ్లను అనుమానించనక్కరలేదు. గొడవ డ్రైవుకూ డిస్కుకూ మధ్య ఉంది. కొత్త కలం పట్టినవారు పక్క కాగితం మీద రెండు గీతలు గీసి చూసుకున్నట్టు, డ్రైవు కూడా రాత మొదలుపెట్టే ముందు డిస్కు లోపలి అంచున కేటాయించిన చిన్న వలయంలో లేజర్ బలాన్ని పరీక్షించుకుంటుంది. ఆ పరీక్షలో సరైన బలం దొరకకపోతే పవర్ కాలిబ్రేషన్ ఎర్రర్ అని చెప్పి ఆగిపోతుంది.

అప్పుడు ముందుగా వేరే తయారీ డిస్కు ఒకటి పెట్టి చూడండి. వేరే తయారీ అంటే వేరే పేరున్న డబ్బా అని కాదు. ప్రతి ఖాళీ డిస్కులోనూ దాన్ని తయారుచేసిన కర్మాగారపు సంకేతం ముద్రించి ఉంటుంది. డిస్కులు రాసే ప్రోగ్రామ్ ఇమ్‌గ్‌బర్న్‌లో ఖాళీ డిస్కు పెట్టగానే కుడివైపు వచ్చే వివరాలలో అది కనిపిస్తుంది. డ్రైవు ఆ సంకేతాన్ని చదివి, ఆ డిస్కుకు తగిన రాత పద్ధతిని తన జ్ఞాపకంలోని పట్టికలో వెతుక్కుంటుంది. రెండు వేర్వేరు బ్రాండ్ల డబ్బాలలో ఒకే కర్మాగారం డిస్కులు ఉండవచ్చు. అందుకే కొనేటప్పుడు బ్రాండు చూసినా, లెక్క రాసుకునేటప్పుడు సంకేతమే రాసుకోండి.

అప్పటికీ కాకపోతే డీవీడీ తీసేసి ఖాళీ సీడీ పెట్టండి. సీడీకి 780 నానోమీటర్ల లేజర్, డీవీడీకి 650 నానోమీటర్ల లేజర్ కావాలి. ఒకే డ్రైవులో రెండూ ఉంటాయి. సీడీ బాగా రాసి డీవీడీ దగ్గర మొరాయిస్తే, రెండో లేజర్ అలసిపోయిందని అనుమానించాలి. రెండూ రాయకపోతే లెన్స్ మీద దుమ్ము ఉండవచ్చు. ల్యాప్‌టాప్ డ్రైవు ట్రే బయటికి లాగితే లెన్స్ ఎదురుగానే ఉంటుంది. గాలి ఊదే రబ్బరు బుడ్డితో ఊది, పొడి దూది పుల్లతో ఒత్తకుండా తుడవండి. బజారులో దొరికే, కుచ్చు అతికించిన క్లీనింగ్ డిస్కుల మీద నాకు నమ్మకం లేదు. వేగంగా తిరిగే కుచ్చును అంత సున్నితమైన లెన్సుకు తగిలించడం ఎందుకు?

మధ్యలో ఆగితే

ఇక్కడ అనుమానం డిస్కు మీదనుంచి కంప్యూటర్ మీదికి మళ్లుతుంది. పాత రోజుల్లో సమాచారం అందడం ఒక్క క్షణం ఆలస్యమైతే డిస్కు పోయేది. 2000లో సాన్యో తెచ్చిన బర్న్-ప్రూఫ్ వంటి పద్ధతులతో డ్రైవు ఆగి, ఆగిన చోటునుంచే మళ్లీ అందుకోవడం నేర్చుకుంది. కాబట్టి ఆ కారణంగా డిస్కు పూర్తిగా పోవడం ఇప్పుడు అరుదు. అయినా రాసేటప్పుడు బఫర్ (డిస్కుకు వెళ్లే ముందు సమాచారం నిలిచే తాత్కాలిక చోటు) సూచిక పడుతూ లేస్తూ ఉంటే పట్టించుకోండి. ఫైళ్లను పెన్‌డ్రైవ్ నుంచో, పక్క గదిలోని కంప్యూటర్ నుంచో నేరుగా రాయకుండా ముందు హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకోండి.

ఈ రోజుల్లో మధ్యలో ఆగే డిస్కులకు నేను ఎక్కువగా అనుమానించేది బయట తగిలించే పలుచని యూఎస్‌బీ డ్రైవులను. డిస్కు చదివేటప్పటికన్నా రాసేటప్పుడు లేజర్‌కు ఎక్కువ కరెంటు కావాలి. యూఎస్‌బీ 2.0 పోర్టు నియమం ప్రకారం ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు. చాలా డ్రైవులకు రాసే సమయంలో అది చాలదు. అందుకే “సినిమా బాగానే ఆడుతోంది, రాయడం మాత్రం కావడం లేదు” అనే ఫిర్యాదు. తెరమీద సెమఫోర్ టైమౌట్ అనో, డివైస్ నాట్ రెడీ అనో వస్తుంది. మధ్యలో హబ్ (ఒక పోర్టును అనేకం చేసే పెట్టె) ఉంటే తీసేయండి. డెస్క్‌టాప్ అయితే ముందువైపు పోర్టు వదిలి, వెనక మదర్‌బోర్డుకే ఉన్న పోర్టుకు తగిలించండి. రెండు మూతులున్న కేబుల్ డ్రైవుతో వచ్చి ఉంటే రెండూ పెట్టండి. 900 మిల్లీఆంపియర్లు ఇచ్చే యూఎస్‌బీ 3.0 పోర్టు ఉంటే ఇంకా మేలు. యూపీఎస్ లేకుండా ఎండాకాలం మధ్యాహ్నాలు డిస్కు రాయడం మన ఊళ్లలో సాహసమే.

చివరలో ఆగితే

తొంభై శాతం దాటాక పోతే ప్రాణం ఉసూరుమంటుంది. కానీ కారణం పట్టుకోవడం ఇక్కడే తేలిక. 16 రెట్ల వేగం అని రాసి ఉన్న డ్రైవు మొదటినుంచీ ఆ వేగంతో రాయదు. లోపల ఆరు రెట్ల దగ్గర మొదలై, బయటి అంచుకు చేరాకే 16ను అందుకుంటుంది. అంటే డిస్కుకు కఠిన పరీక్ష చివరి భాగంలోనే. రంగు పూత సమంగా లేకపోయేదీ, వేలిముద్రలు పడేదీ, వేడికి వంగినప్పుడు ఎక్కువగా కదిలేదీ ఆ అంచే. మే నెలలో కారు డాష్‌బోర్డు మీద మధ్యాహ్నమంతా ఉన్న డిస్కును బల్లమీద పరిచి చూడండి, అంచు లేచి ఉంటే దాన్ని వాడకండి.

వేగాన్ని 8 రెట్లకు తగ్గిస్తే ఇలాంటి కేసుల్లో చాలావరకు తేలిపోతాయి. ఎంత తగ్గిస్తే అంత మంచిదనుకోవద్దు. 16 రెట్ల వేగానికి తయారైన డిస్కును మరీ నెమ్మదిగా రాస్తే ఫలితం ఒక్కోసారి ఇంకా చెడుతుంది.

వంద శాతం చూపించి, డిస్కు మూసే దశలో కదలకుండా ఉండిపోతే కొన్ని నిమిషాలు ఓపిక పట్టండి. ఆ సమయంలో బటన్ నొక్కి ట్రే బయటికి లాగితే, అంతసేపూ రాసినదంతా చదవడానికి పనికిరాకుండా పోవచ్చు.

అంతా అయింది, తెరుచుకోవడం లేదు

ప్రోగ్రామ్ విజయవంతం అంటుంది, టీవీ కింద ఉన్న ప్లేయర్ డిస్కు లేదంటుంది. ఇందులో లోపం సాధారణంగా మన ఎంపికలో ఉంటుంది.

విండోస్‌లో ఖాళీ డిస్కు పెట్టగానే ఒక ప్రశ్న వస్తుంది: యూఎస్‌బీ ఫ్లాష్ డ్రైవ్‌లా వాడతారా, సీడీ, డీవీడీ ప్లేయర్‌తో వాడతారా? ఇంకొకరికి ఇవ్వవలసిన డిస్కుకు ఎప్పుడూ రెండోదే. మొదటిది మీ కంప్యూటర్లో హాయిగా ఉంటుంది, పాత ప్లేయర్లకు మాత్రం అర్థం కాదు.

డిస్కు తెరిస్తే లోపల ఒకే ఒక్క ఇమేజ్ ఫైలు కనిపిస్తోందా? మీరు ఇమేజ్‌ను రాయలేదు, ఫైలుగా కాపీ చేశారు. విండోస్ 7 మొదలుకొని ఫైలు మీద కుడి నొక్కు నొక్కితే బర్న్ డిస్క్ ఇమేజ్ అనే అంశం ఉంటుంది, దాన్ని వాడాలి. పెళ్లి వీడియోను ఎంపీ4 ఫైలుగా డిస్కుకు ఎక్కించినా ఇలాంటి ఇబ్బందే. పాత ప్లేయర్ ఎంపెగ్-2 వీడియోతో కూర్చిన డీవీడీ ఫోల్డర్ల కోసం వెతుకుతుంది. ఇంట్లోవాళ్ల ప్లేయర్ మరీ పాతదైతే ప్లస్ ఆర్ (డీవీడీ+ఆర్) డిస్కు తీసుకుని, డ్రైవు అనుమతిస్తే బుక్ టైప్‌ను, అంటే ఇది ఏ రకం డిస్కో ప్లేయర్‌కు చెప్పే గుర్తును, డీవీడీ-రోమ్ (ROM)‌గా మార్చి రాయండి. ఆ సదుపాయం మైనస్ ఆర్ (డీవీడీ-ఆర్) డిస్కులకు లేదు.

తెలుగులో ఫైలు పేర్లు పెట్టేవారికి ప్రత్యేకంగా ఒక మాట. డిస్కులో ఫైలు పేర్లు అమర్చే పాత ఐఎస్ఓ 9660 పద్ధతికి ఇంగ్లిషు పెద్ద అక్షరాలు, అంకెలు, అడుగుగీత తప్ప మరేవీ తెలియవు. జోలియెట్ పద్ధతి తెలుగును భరిస్తుంది కానీ పేరుకు 64 అక్షరాలే ఇస్తుంది. ఆ లెక్కలో గుణింతపు గుర్తులు, ఒత్తులు విడివిడిగా చేరతాయి. మనకు ఒక్క అక్షరంగా కనిపించే “స్త్రీ” అక్కడ ఆరు. పెళ్లికూతురి పేరు, పెళ్లికొడుకు పేరు, కల్యాణమండపం, తేదీ అన్నీ కలిపి పెట్టిన పేరు సగంలో తెగిపోతే ఆశ్చర్యపోవద్దు. ప్లేయర్‌కు వెళ్లే డిస్కులో ఇంగ్లిషు అక్షరాలతో చిన్న పేర్లు పెట్టి, తెలుగు వివరాలు కవరు మీద రాసుకోవడం మంచిది. డిస్కు మీద రాయాలంటే బాల్‌పెన్ను వద్దు. సీడీలో మెరిసే పొర పైవైపు పలుచని పూత కిందే ఉంటుంది, దాన్ని గీరితే అడుగున పడ్డ గీతకన్నా ఎక్కువ నష్టం.

కోర్టు పనికైతే ఇంకొక మెట్టు ఉంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఇచ్చే ధ్రువపత్రంలో ఫైలు హ్యాష్ విలువ (ఫైలులోని సమాచారం నుంచి లెక్కకట్టే, వేలిముద్రలాంటి సంకేతం) కూడా రాయాలి. విండోస్‌లో ఆదేశాలు టైపు చేసే పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హ్యాష్ (Get-FileHash) ఆదేశంతో అది వస్తుంది. మొదట మూల ఫైలుకు తీయండి, రాశాక డిస్కు లోపలి ఫైలుకు తీయండి. రెండూ అక్షరం పొల్లుపోకుండా కలిస్తేనే డిస్కు సరైనది. మిగతా పనులకు ప్రోగ్రామ్‌లోని వెరిఫై (రాసినదాన్ని సరిచూసే) గడిలో టిక్కు పెడితే చాలు. రాసిన డ్రైవు తన రాతను తాను చదవగలగడం పెద్ద విశేషమేమీ కాదు కనుక, ముఖ్యమైన డిస్కును ఇంకొక కంప్యూటర్లోనూ పెట్టి చూడండి.

ఈసారి పని

ఒక చిన్న పుస్తకంలో నాలుగు గడులు గీయండి: డిస్కు సంకేతం, వేగం, ఏ పోర్టు, ఎంత శాతం దగ్గర ఆగింది. చెడిపోయిన డిస్కు వలయాన్ని చూసి మొదటి వరుస నింపండి. తర్వాత తిరిగి రాసుకోగలిగే ఆర్‌డబ్ల్యూ డిస్కు ఒకటి తెచ్చుకోండి. దాన్ని వెయ్యి సార్ల దాకా చెరిపి రాయవచ్చంటారు, సాధనకు అంతకన్నా చవక లేదు. దానితో ఒక్కొక్క మార్పే చేస్తూ రాయండి. పోర్టు మార్చిన రోజు వేగం జోలికి పోకండి, వేగం మార్చిన రోజు పోర్టు కదిలించకండి. పుస్తకంలో ఏడెనిమిది వరుసలు నిండాక 6వ భాగానికి రండి. అందులో గీతలు పడిన డిస్కు నుంచి ఫైళ్లు బయటికి తీయడం చూద్దాం.