బీచ్ రోడ్డు నడక ఒక్కటే చాలదు: మెనోపాజ్ తర్వాత కండబలం పెంచుకోవడం ఎలా?

పొద్దున్నే మన విశాఖ ఆర్కే బీచ్ రోడ్డులో నడిచేవాళ్లలో యాభై దాటిన ఆడవాళ్లు చాలామందే కనిపిస్తారు. నడక గుండెకీ మనసుకీ మంచిది. కానీ చదునైన రోడ్డు మీద ఎంత దూరం నడిచినా తొడల్లో, భుజాల్లో బలం పెద్దగా పెరగదు. ముట్లు ఆగిపోయాక (అదే మెనోపాజ్) ఈస్ట్రోజన్ అనే హార్మోను తగ్గి కండ త్వరగా కరుగుతుంది, కొవ్వు పొట్టలో చేరుతుంది. తిన్న తర్వాత రక్తంలోకి వచ్చే చక్కెరలో పెద్ద వాటా తీసుకునేవి కండలే కాబట్టి, అవి తగ్గితే షుగరు ఎక్కువవుతుంది. బరువు మాత్రం అలాగే ఉండొచ్చు. అందుకే కాటాని నమ్ముకోవద్దు.

ముందు కొలుచుకోండి

నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. తర్వాత చేతులు లేని కుర్చీని గోడకి ఆనించి కూర్చోండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని ఐదుసార్లు పూర్తిగా లేచి కూర్చోండి. 12 సెకన్లు, అంతకుమించి పడితే కాళ్లలో సత్తువ తగ్గినట్టే. ఆసియా దేశాల నిపుణులు 2019లో పెట్టిన హద్దు ఇది. ఈ రెండు అంకెలూ క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి. బీపీ, హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్ పరీక్షలూ ఒకసారి చేయించుకోండి. వీటిలో హెచ్‌బీఏ1సీ అనేది రక్తంలో షుగరు సగటు చెప్పే పరీక్ష.

వారానికి రెండు రోజులు బరువు పని

మధ్యలో కనీసం ఒక రోజు ఖాళీ ఉంచండి. ఉక్కపోత మొదలవకముందే కానిచ్చేయడం మేలు. ఐదు నిమిషాలు అటూ ఇటూ నడిచి ఒళ్లు వేడెక్కాక ఈ నాలుగూ చేయండి:

1. కుర్చీలోంచి లేచి, మెల్లగా కూర్చోవడం. కూర్చునేటప్పుడు దబ్బున పడొద్దు, మూడు లెక్కపెట్టండి. మోకాళ్ల నొప్పులుంటే సీటు మీద గట్టి దిండు వేసుకోండి.
2. గోడకి మూరెడు దూరంలో నిలబడి, అరచేతులు ఆనించి ఛాతీని గోడవైపు వంచి వెనక్కి నెట్టడం.
3. ఒక చెయ్యి బల్ల మీద ఆనించి, రెండో చేత్తో రెండు లీటర్ల నీళ్ల సీసాని నడుము దాకా లాగడం.
4. కిటికీ పట్టుకుని మడమలు ఎత్తి దించడం.

ఒక్కోటి 8 నుంచి 12 సార్లు, రెండు విడతలు. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగపట్టకుండా వదలండి. అసలు కిటుకు ఆ తర్వాత ఉంది: పన్నెండూ సునాయాసంగా అయిపోతున్నాయంటే బరువు పెంచాలి. చివరి రెండూ కష్టంగా అనిపించాలి. కుర్చీ పనికి అయిదు కిలోల బియ్యం సంచి గుండెకి హత్తుకోండి. "ఇంటిపని చేస్తున్నాం కదా" అనేవాళ్లకి ఇదే జవాబు. రోజూ అదే బిందె, అదే బకెట్ ఎత్తితే కండ ఉన్నచోటే ఉంటుంది.

సింహాచలం మెట్లు ఎక్కడం మంచి కసరత్తే. దిగడంలోనే మోకాళ్లకి భారం, కొండ దిగడానికి బస్సు ఎక్కండి.

కంచంలో మాంసకృత్తులు

కిలో శరీర బరువుకి రోజుకి 1 నుంచి 1.2 గ్రాముల దాకా కావాలి. అరవై కిలోల మనిషికి 60–72 గ్రాములన్నమాట. రెండు ఇడ్లీల్లో నాలుగైదు గ్రాములే ఉంటాయి. యాభై గ్రాముల పెసలతో పెసరట్టు వేసుకుంటే పన్నెండు దాకా వస్తాయి, పక్కన గుడ్డు తింటే మరో ఆరు. చోడంబలిలో (రాగి అంబలి) కాల్షియం బాగా ఉంటుంది, మాంసకృత్తులు మాత్రం తక్కువే. పల్చటి పప్పుచారూ అంతే.

చేపలు తినేవాళ్లకి మన ఊళ్లో లోటేముంది? వంద గ్రాముల కవళ్లలో (సార్డీన్ చేపలు) ఇరవై గ్రాములదాకా ఉంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి ఆ రోజుల్లో గుడ్లు, ఉలవలు, శనగలు, పెరుగు పెంచండి. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం డాక్టరుని అడగకుండా మాంసకృత్తులు పెంచొద్దు.

జాగ్రత్తలు

ఇన్సులిన్ లేదా షుగరు మాత్రలు వాడేవాళ్లు కసరత్తులో షుగరు పడిపోకుండా దగ్గర గ్లూకోజ్ ఉంచుకోవాలి. ఎముకలు గుల్లబారాయని చెప్పి ఉంటే ముందుకి వంగి బరువులెత్తొద్దు. ఛాతీలో నొప్పి వచ్చినా, తల తిరిగినా ఆపేసి డాక్టరుని కలవండి.

భోజనం చేశాక పది నిమిషాలు వీధిలో నడవండి, తిన్న తర్వాత పెరిగే షుగరు తగ్గుతుంది. మూడు నెలలకి హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించుకోండి. అది గడిచిన రెండు మూడు నెలల సగటు చెబుతుంది కాబట్టి అంతకుముందు తొందరపడి లాభం లేదు. కుర్చీ పరీక్ష మాత్రం ఆరు వారాలకే మళ్లీ పెట్టుకోవచ్చు.