సేల్ సీజన్ ముందు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డిస్క్ ఖాళీ చేస్తున్నారా, ముందు ఇవి చూస్కోండి

సెప్టెంబర్ వచ్చిందంటే ఈకామర్స్, పేమెంట్స్, డెలివరీ వైపు పనిచేసేవాళ్ళకి ఒకటే హడావిడి, దసరా దీపావళి సేల్ కి ముందు ఫ్రీజ్ (కొత్త మార్పులు ఆపేయడం) పెడతారు కాబట్టి ఆలోపే అన్నీ సర్దేసుకోవాలి. అమెరికా క్లయింట్ల పని చేసేవాళ్ళకి అదే హడావిడి నవంబర్ లో, థాంక్స్ గివింగ్ ముందు. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు డ్యాష్‌బోర్డ్ చూసి "అన్నా, డీబీ డిస్క్ 85 శాతం దాటింది" అంటారు, ఇంకొకరు పాత ఆర్డర్ల లాగులు డిలీట్ కొట్టేద్దాం అంటారు, కొట్టేస్తారు కూడా, తీరా చూస్తే డిస్క్ ఒక్క జీబీ తగ్గదు సరికదా ఆ డిలీట్ రాసిన వాల్ ఫైళ్ళతో (ప్రతి మార్పునీ ముందుగా రాసిపెట్టుకునే ఫైళ్ళు) ఇంకొంచెం పెరుగుతుంది. అప్పుడు సెర్చ్ చేస్తే దొరికేది వాక్యూమ్ ఫుల్, టేబుల్ మొత్తాన్ని మళ్ళీ రాసి ఖాళీ చోటు డిస్క్ కి తిరిగిచ్చే కమాండ్. దానికి ఎంటర్ నొక్కేముందు ఒక్క పది నిమిషాలు ఆగండి.

పోస్ట్‌గ్రెస్ లో డిలీట్ అంటే రో ని (టేబుల్ లో ఒక వరసని) తీసెయ్యడం కాదు, ఇది చచ్చింది అని గుర్తు పెట్టడం మాత్రమే. అప్‌డేట్ కూడా అంతే, కొత్త కాపీ రాసి పాతదాన్ని అక్కడే వదిలేస్తుంది. మామూలు వాక్యూమ్ వచ్చి ఆ చచ్చిన రోల చోటు కొత్త రోలకి ఇస్తుంది తప్ప డిస్క్ కి తిరిగివ్వదు, టేబుల్ చిట్టచివర పేజీలు మొత్తం ఖాళీ అయితేనే వాటిని కత్తిరిస్తుంది. ఆర్టీసీ బస్సులో సగం మంది దిగిపోతే సీట్లు ఖాళీ అవుతాయి గానీ బస్సు పొట్టిదవ్వదు కదా, అలాగన్నమాట. కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది, మీకు నిజంగా డిస్క్ వెనక్కి కావాలా, లేక పెరగడం ఆగితే చాలా అని. సేల్ లో ఎలాగూ అదే టేబుల్ లోకి లక్షల రోలు వచ్చి పడతాయి, ఖాళీ చోటు అవే వాడుకుంటాయి, అలాంటప్పుడు మామూలు వాక్యూమే సరిపోతుంది. నా లెక్కలో ఎక్కువ టీములకి కావాల్సింది ఇదే, ఫుల్ కాదు.

మీరు ఆర్‌డీఎస్ (అమెజాన్ నడిపే డేటాబేస్ సర్వీస్) మీద ఉంటే ఇంకో సంగతి, ఒకసారి కేటాయించిన స్టోరేజ్ ని ఆ ఇన్‌స్టెన్స్ లోనే తగ్గించడం కుదరదు, ఆటోస్కేలింగ్ కూడా పైకే పోతుంది గానీ కిందకి రాదు. రాత్రంతా కూర్చుని టేబుల్ ని సగం చేసినా బిల్లు అంతే వస్తుంది.

సరే, వాక్యూమ్ నడుస్తోంది కానీ చచ్చిన రోలు తగ్గట్లేదు అంటారా, అయితే వాటిని ఎవరో పట్టుకుని కూర్చున్నారు. వాక్యూమ్ వెర్బోస్ పెట్టి నడపండి, చచ్చినా ఇంకా తీయడానికి వీల్లేని రోలు ఇన్ని అని అవుట్‌పుట్ లోనే చెప్తుంది. ఆ నంబర్ పెద్దగా ఉంటే మీరు ఎన్నిసార్లు నడిపినా దండగే, ఇప్పుడున్న కనెక్షన్లన్నీ చూపించే పీజీ_స్టాట్_యాక్టివిటీ లోకి పోయి పాత ట్రాన్సాక్షన్లు (మొదలై ఇంకా ముగియని పనులు) చూడండి. డీబీవర్ (డేటాబేస్ లో క్వెరీలు కొట్టే టూల్) లో ఆటో కమిట్ తీసేసి ఒక అప్‌డేట్ కొట్టి కమిట్ చెయ్యకుండా ఇంటికి పోయిన మహానుభావుడు ప్రతి టీమ్ లో ఒకడుంటాడు, అతని సెషన్ ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ అని కనపడుతుంది, అది మొదలయ్యాక ఆ డేటాబేస్ లో చచ్చిన రోలని వాక్యూమ్ తియ్యలేదు. ఉత్త సెలెక్ట్ కొట్టి వదిలేసినా డిఫాల్ట్ ఐసొలేషన్ లో వాక్యూమ్ కి అడ్డం కాదు గానీ టేబుల్ మీద చిన్న లాక్ మిగిలిపోతుంది, రేపు వాక్యూమ్ ఫుల్ కి అదే అడ్డం తగులుతుంది. ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ సెషన్ టైమౌట్ అని ఒక సెట్టింగ్ 9.6 నుంచే ఉంది, డిఫాల్ట్ గా ఆఫ్ లో ఉంటుంది, సీజన్ కి ముందే పెట్టేయండి. గంటల తరబడి నడిచే రిపోర్టులు, బ్యాకప్ తీసే పీజీ డంప్ కూడా ఇదే పని చేస్తాయి.

ఇంకొకటి, అసలు పెరిగింది టేబులే అని ఎవరు చెప్పారు? ఎప్పుడో పెట్టిన సీడీసీ పైప్‌లైన్ (డేటాబేస్ మార్పుల్ని వేరే సిస్టమ్ కి పంపేది) ఆపేసి ఉంటారు, అది ఎక్కడిదాకా చదివిందో గుర్తుపెట్టుకునే రెప్లికేషన్ స్లాట్ మాత్రం అలాగే ఉండిపోతుంది, ఆ స్లాట్ కోసం వాల్ ఫైళ్ళు పేరుకుపోతూనే ఉంటాయి. పీజీ_రెప్లికేషన్_స్లాట్స్ లో యాక్టివ్ కాలమ్ ఫాల్స్ అని ఉన్నవాటి సంగతి ఓనర్ ని అడిగి తేల్చండి, అక్కర్లేదంటే స్లాట్ డ్రాప్ చేయండి. వెర్షన్ 13 నుంచి మ్యాక్స్ స్లాట్ వాల్ కీప్ సైజ్ తో హద్దు పెట్టొచ్చు, డిఫాల్ట్ గా హద్దే లేదు. అంతేగానీ పీజీ_వాల్ ఫోల్డర్ లోకి పోయి ఆర్ఎం (ఫైళ్ళు తీసేసే కమాండ్) కొట్టొద్దు, అవి లాగుల్లా కనిపించినా లాగులు కావు, అవి పోతే డేటాబేస్ మళ్ళీ లేవకపోవచ్చు.

ఇవన్నీ చూశాక కూడా ఫుల్ తప్పదు అనుకుంటే దాని లెక్క తెలుసుకోండి. 300 జీబీ టేబుల్ లో బతికున్న డేటా 120 జీబీ అయితే, ఆ 120 ప్లస్ దాని ఇండెక్సులన్నీ (రోలని త్వరగా వెతకడానికి ఉండే పట్టికలు) పక్కన కొత్తగా రాస్తుంది, పని పూర్తై కమిట్ అయ్యాకే పాత 300 పోతుంది. అంటే డిస్క్ నిండిపోయిందని ఖాళీ చెయ్యడానికి పోతే ముందు అదే ఖాళీ అడుగుతుంది. ఆ రాసిందంతా వాల్ లోకి కూడా పోతుంది, దానికి కూడా చోటు ఉంచండి, రెప్లికా (ప్రైమరీ అనే అసలు సర్వర్ కి నకలుగా నడిచే సర్వర్) ఉంటే అది వెనకబడుతుందని కూడా లెక్కేసుకోండి. వాల్ రాయడానికి చోటు లేకపోతే సర్వర్ మొత్తం పడిపోతుంది, ఆ టేబుల్ ఒక్కటే కాదు.

లాక్ సంగతైతే ఇంకా ఘోరం. ఫుల్ నడిచినంతసేపు ఆ టేబుల్ మీద సెలెక్ట్ కూడా నడవదు. ఇది చాలామందికి తెలుసు, తెలియంది ఏంటంటే అది మొదలవ్వకముందే సైట్ ఆగిపోగలదు, ఎలాగంటే ఫైనాన్స్ వాళ్ళ రిపోర్ట్ ఒకటి ఆ టేబుల్ మీద 40 నిమిషాలుగా నడుస్తోంది అనుకోండి, మీ ఫుల్ దాని వెనక లాక్ కోసం నిలబడుతుంది, ఆ తర్వాత వచ్చే ప్రతి చెకౌట్ క్వెరీ మీ ఫుల్ వెనక క్యూ కడుతుంది, కనెక్షన్లు నిండిపోతాయి. అందుకే సెషన్ లో ముందు లాక్ టైమౌట్ 3 సెకన్లు పెట్టి అప్పుడు నడపండి, లాక్ దొరక్కపోతే అదే ఎర్రర్ ఇచ్చి తప్పుకుంటుంది, కాసేపాగి మళ్ళీ ప్రయత్నించొచ్చు. ఎంతసేపు పడుతుందో ఊహించకండి, బ్యాకప్ ని వేరే మెషీన్ మీద రీస్టోర్ చేసి అక్కడ నడిపి టైమ్ చూడండి, పనిలో పనిగా బ్యాకప్ పనిచేస్తుందో లేదో కూడా తెలుస్తుంది.

ఫుల్ కన్నా ముందు ఇండెక్సుల వైపు చూడటం మేలు, చాలాసార్లు ఉబ్బింది అవే. వెర్షన్ 12 నుంచి రీఇండెక్స్ కంకరెంట్లీ ఉంది, రాతలు ఆగవు, కానీ మధ్యలో ఫెయిలైతే పేరు చివర సీసీన్యూ అని ఉన్న చెల్లని ఇండెక్స్ ఒకటి మిగిలిపోతుంది, అది చోటూ తింటుంది, దాన్ని డ్రాప్ చెయ్యాలి. వాడని ఇండెక్సులు తీసేస్తుంటే స్కాన్ కౌంట్ సున్నా అని ప్రైమరీ ఒక్కదాంట్లోనే చూసి తీసేయకండి, రెప్లికా లెక్క వేరే ఉంటుంది, రిపోర్టులన్నీ అక్కడే దాన్ని వాడుతుండొచ్చు. ఫుల్ పనినే టేబుల్ ఆపకుండా చేసే పీజీ రీప్యాక్ అనే టూల్ అయితే మొదట్లో చివర్లో మాత్రమే కాసేపు పెద్ద లాక్ తీసుకుంటుంది, టేబుల్ కి ప్రైమరీ కీ గానీ నల్ లేని యూనిక్ ఇండెక్స్ గానీ ఉండాలి, చోటు మాత్రం అది కూడా అడుగుతుంది. మై ఎస్‌క్యూఎల్ వాళ్ళు ఆప్టిమైజ్ టేబుల్ తో తప్పించుకున్నాం అనుకోవద్దు, ఇన్నోడీబీ లో అదీ టేబుల్ ని మళ్ళీ కట్టడమే.

ఆటోవాక్యూమ్ (తనంతట తానే నడిచే వాక్యూమ్) డిఫాల్ట్ లో టేబుల్ లో 20 శాతం రోలు చచ్చాకే కదులుతుంది, 10 కోట్ల రోల టేబుల్ అంటే 2 కోట్లు పోగయ్యేదాకా. పెద్ద టేబుళ్ళకి ఆ శాతాన్ని నిర్ణయించే స్కేల్ ఫ్యాక్టర్ ని 0.2 నుంచి 0.01 కి దించండి, మళ్ళీ ఏడాది ఇదే పంచాయితీ ఉండదు. సేల్ రోజు లోడ్ పెరిగిందని ఆటోవాక్యూమ్ ఆపేద్దాం అనే ఐడియా మాత్రం వద్దే వద్దు. టేబుల్ ట్రాన్సాక్షన్ వయసు (అందులోని పాత రోల తర్వాత ఎన్ని ట్రాన్సాక్షన్ నంబర్లు గడిచాయో ఆ లెక్క) డిఫాల్ట్ గా 20 కోట్లు దాటితే, మీరు ఆఫ్ చేసినా సరే, వ్రాపరౌండ్ (ఆ నంబర్లు అయిపోయి మళ్ళీ మొదటికి రావడం) ఆపడానికి అది తనంతట తానే మొదలవుతుంది, మామూలు దానిలా ఎవరైనా లాక్ అడిగితే పక్కకి తప్పుకోదు. సేల్ మధ్యలో అది రాకుండా ఉండాలంటే ఏ టేబుల్ వయసు ఎంతుందో ఇప్పుడే చూసి, దగ్గర పడ్డవాటికి వాక్యూమ్ ఫ్రీజ్ (ఆ వయసు తగ్గించే వాక్యూమ్) ఓ ఆదివారం తెల్లవారుజామున కానిచ్చేయండి.

పాత డేటా తీసెయ్యడం కూడా ఒక్క డిలీట్ లో కోటి రోలు కాదు, పదేసి వేలు తీసి కమిట్ చేస్తూ మధ్యమధ్యలో వాక్యూమ్ నడపండి. నెలవారీ పార్టిషన్లు (టేబుల్ ని నెలకో ముక్కగా విడదీయడం) ఉన్నవాళ్ళకి ఈ గొడవే లేదు, పాత నెలని డ్రాప్ చేస్తే చోటు వెంటనే డిస్క్ కి పోతుంది.

ఫుల్ అయ్యాక వెంటనే వాక్యూమ్ అనలైజ్ ఒకసారి నడపాలి, ఎందుకంటే కొత్త ఫైల్ కి విజిబిలిటీ మ్యాప్ (ఏ పేజీల్లో రోలన్నీ అందరికీ కనిపిస్తాయో చెప్పే గుర్తులు) సిద్ధంగా ఉండదు, ఇండెక్స్ ఒక్కదాంతో అయిపోయే క్వెరీలు టేబుల్ దాకా పోయి స్లో అవుతాయి, పొద్దున్నే అందరూ రాత్రి ఏం చేశారు అని అడుగుతారు. మధ్యలో క్యాన్సిల్ చేస్తే ఇబ్బంది లేదు, సగం రాసిన ఫైల్ ని అదే తీసేస్తుంది. సర్వరే క్రాష్ అయితే మాత్రం ఆ సగం ఫైల్ ఎవరికీ చెందకుండా డిస్క్ మీదే ఉండిపోతుంది, టేబుల్ సైజుల లెక్కల్లో కనపడదు, డిస్క్ లెక్కకీ డేటాబేస్ లెక్కకీ తేడా వస్తే గుర్తుకు రావాల్సింది అదే. అది ఏ ఫైలో పీజీ_క్లాస్ లోని ఫైల్ నోడ్ నంబర్లతో సరిపోల్చి, బ్యాకప్ ఉందని ఖాయం చేసుకుని, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని తీయండి.