ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ పలికే పాప పేరు: సమస్యలు, పరిష్కారాలు

టెక్సస్, కాలిఫోర్నియా, ఫ్లోరిడాల్లో ఇంగ్లీషు, స్పానిష్ రెండూ నడిచే ఇళ్లు కోకొల్లలు. అలాంటి ఇళ్లకు కోడళ్లుగా, అల్లుళ్లుగా వెళ్లిన మన తెలుగువాళ్లూ ఉన్నారు. పుట్టేది ఆడపిల్ల అని తెలిసిన రోజు నుంచి పేరు గురించి టెన్షన్ మొదలవుతుంది. నానమ్మ నోరు తిరగాలి, బడిలో టీచరు తప్పు పలకకూడదు, పేరుకు పాడు అర్థం రాకూడదు.

ముందుగా ఒక పని చేయండి. అనుకున్న పేరును తెలుగు అక్షరాల్లో రెండుసార్లు రాయండి, ఇంగ్లీషువాళ్లు పలికినట్టు ఒకసారి, స్పానిష్‌వాళ్లు పలికినట్టు ఇంకోసారి. స్పానిష్ దాదాపు మన తెలుగులాగే, ఎలా రాస్తే అలా చదువుతారు. ఇంగ్లీషులో స్పెల్లింగ్ చూసి ఊహించాలి. ఒకే స్పెల్లింగు ఎక్కడ రెండు పేర్లు అవుతోందో మన లిపిలో ఇట్టే దొరుకుతుంది.

సమస్య: పేరు మొదలే మారిపోతోంది

జూలియా కాస్తా హూలియా అవుతుంది. జాస్మిన్ హస్మీన్ అవుతుంది. హానా అంటే ఆనా అంటారు. స్టెల్లా ఎస్తేలా అయిపోతుంది.

కారణం అక్షరాల్లోనే ఉంది. స్పానిష్‌లో జె అక్షరాన్ని గొంతులోంచి వచ్చే హకారంలా పలుకుతారు. హెచ్‌కు అసలు శబ్దమే లేదు. ఇక సకారంతో మొదలై వెంటనే ఇంకో హల్లు వచ్చే మాటతో వాళ్లకు ఇబ్బంది, ముందు ఒక ఎకారం చేరుస్తారు. మన ఊళ్లలో ఇస్కూలు, ఇస్టేషను అంటారే, సరిగ్గా అదే. శ్రీజ, స్నేహ లాంటి పేర్లు పెట్టాలనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

స్పెల్లింగ్ మార్చి గట్టెక్కుదామని చాలామంది చూస్తారు. లాటిన్ అమెరికాలో జెన్నిఫర్‌ను వై అక్షరంతో మొదలుపెట్టి రాసేవాళ్లున్నారు. నా మాట వింటే ఆ పని వద్దు. నానమ్మకు తేలికవుతుంది గానీ, ఆ తర్వాత ఇంగ్లీషు మాట్లాడే ప్రతి ఒక్కరికీ ఆ పిల్ల జీవితాంతం స్పెల్లింగ్ చెప్పుకోవాలి. అచ్చుతోనో, ఎమ్, ఎన్, ఎల్ అక్షరాలతోనో మొదలయ్యే పేర్లు చూడండి: ఎమ్మా, ఎలేనా, అమేలియా, మియా, నోరా, నటాలియా. వీటిలో నాకు అన్నిటికంటే నచ్చేది ఎలేనా. రెండు భాషల్లోనూ దాని రూపం చెడదు. జూలియానే కావాలని మనసు పడితే పెట్టుకోండి. పిల్ల రెండు పిలుపులకూ పలుకుతుంది. రెండూ తన పేర్లేనని చిన్నప్పటి నుంచి ఇంట్లో చెబితే చాలు.

జెడ్, వి అక్షరాలతో వచ్చేది చిన్న చిక్కు. జోయి లాటిన్ అమెరికాలో సోయె అవుతుంది, ఈవా ఏబా అవుతుంది. వీటి కోసం పేరు వదులుకోనక్కర్లేదు.

సమస్య: పలకడం బాగానే ఉంది, అర్థమే తేడా కొట్టింది

అసలైన చిక్కు ఇదే. కమీలా చక్కని పేరు, అమెరికాలోనూ ఇప్పుడు బాగా పెడుతున్నారు. కానీ స్పెల్లింగులో ఒక ఎల్ ఎక్కువైతే స్పానిష్‌లో అది కమీయా, అంటే రోగిని మోసుకెళ్లే స్ట్రెచర్. రెండు ఎల్‌లు కలిస్తే యకారంగా పలకడమే కారణం. ఎల్లా అని రాస్తే ఎయా అని చదువుతారు, 'ఆమె' అని అర్థం. ఇంగ్లీషులో ఎంతో ముద్దుగా ఉండే ఏవా స్పానిష్‌లో అబా అవుతుంది, వాళ్లు వండుకునే ఒక రకం చిక్కుడు గింజను అనే మాట కూడా అచ్చం అలాగే ఉంటుంది. డానియేలా, గాబ్రియేలా, ఇసబేలా లాంటి పేర్లను ఒక్క ఎల్‌తో రాయండి, ఇంగ్లీషువాళ్లకు నష్టమేమీ లేదు.

మన పేర్లకూ ఈ ప్రమాదం ఉంది. లత అంటే రేకు డబ్బా. తార అంటే లోపం. మాల అంటే చెడ్డది. పూజను ఇంగ్లీషు యు అక్షరంతో రాస్తే పూహా అని చదువుతారు, వేలంపాటలో పాడే ధర అని అర్థం. మా పిన్ని కూతురు శాన్ ఆంటోనియోలో ఉంటుంది, వాళ్ల అత్తగారిది మెక్సికోలో మసాత్లాన్, రొయ్యల రేవు. పాపకు వేద అని పెడతామనగానే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "రొయ్యలకా?" అక్కడ వేద అంటే రొయ్యలు పిల్లలు పెట్టే కాలంలో ప్రభుత్వం విధించే వేట నిషేధం. రేవులో పుట్టిపెరిగిన మనిషికి ఆ మాట చెవిన పడితే ఇంకేం గుర్తొస్తుంది?

అప్పుడు మా పిన్ని తన తల్లి పేరు తీసింది, హేమలత. లత వద్దనుకున్నారు, హేమ మిగిలింది. హెచ్ పలకని స్పానిష్ నోట్లో హేమ అంటే ఎమ. అత్తగారి చెవికి అది ఎమ్మానే! బర్త్ సర్టిఫికెట్‌లో ఎమ్మా అని రాయించారు. బారసాల రోజు పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో తెలుగులో హేమ అని రాశారు. ఇప్పుడు ఇటు అమ్మమ్మ, అటు నానమ్మ ఎవరి పేరు వాళ్లు పిలుస్తున్నారు, పిల్ల ఇద్దరికీ పలుకుతోంది. ఇలా కలిసొచ్చే పేర్లు మనకు ఇంకా ఉన్నాయి: అనిత, మాయ, రీటా, సారా. అనిత స్పానిష్‌లో ఆనాకు ముద్దుపేరు కూడా.

అర్థం పరీక్షించడానికి నిఘంటువు ఒక్కటే చాలదు. ఆ కుటుంబం వచ్చిన ఊరి మనిషినే అడగండి. మెక్సికోలో మామూలుగా చెల్లే కోంచా అనే పేరు అర్జెంటీనాలో బూతు.

సమస్య: పాపా, బాబా అని అడుగుతున్నారు

రొసారియో, కోన్సుయెలో, అంపారో, రొసీయో, ఇవన్నీ స్పానిష్‌లో ఆడపిల్లల పేర్లే. చివర ఓకారం ఉండటంతో ఇంగ్లీషు చెవికి మగపేర్లనిపిస్తాయి. దీనికి రివర్సు కూడా ఉంది. ఏంజెల్, ఏరియల్ అని అమెరికాలో అమ్మాయిలకు పెడతారు, స్పానిష్‌లో అవి మగపిల్లల పేర్లు.

ముత్తవ్వ పేరు వదలలేమంటే ముద్దుపేరు పట్టుకోండి. దొలోరెస్ ఇంట్లో లోలా అవుతుంది, గ్వాదలూపె లూపీతా అవుతుంది. లోలా రెండు చోట్లా హాయిగా నడుస్తుంది. దాన్నే అసలు పేరుగా పెట్టినా తప్పులేదు.

సమస్య: కాగితాల మీదకు వచ్చేసరికి గుర్తులు పోతున్నాయి

లుసీయా స్పెయిన్‌లో ఏళ్ల తరబడి అగ్రస్థానంలో ఉన్న పేరు. స్పానిష్‌లో ఐ అక్షరం మీద పెట్టే గీత తీసేసి ఇంగ్లీషు టీచరుకు చూపిస్తే లూషా అంటుంది. కాలిఫోర్నియా జనన రికార్డుల్లో చాలా ఏళ్లు ఇంగ్లీషు 26 అక్షరాలు తప్ప మరేదీ ఒప్పుకోలేదు. దాన్ని మార్చే బిల్లు చట్టసభ దాటినా 2017లో గవర్నర్ జెర్రీ బ్రౌన్ వీటో చేశారు. పాస్‌పోర్టులో యంత్రం చదివే వరుసల్లోనూ గీతలకు, గుర్తులకు చోటు లేదు. ఇంటిపేరు పెన్యా అయితే ఎన్ మీది గుర్తు పోయి పెనా మిగులుతుంది, దుఃఖం అని అర్థం.

గుర్తు తీసేసినా నిలబడే పేరు ఎంచుకోవడమే దీనికి మందు. ఎలేనాకు గుర్తే అక్కర్లేదు. సోఫియాకు స్పానిష్‌లో గీత ఉన్నా, లేకపోయినా అందరూ సరిగ్గానే పలుకుతారు. గుర్తు ఉండి తీరాలంటే ఆసుపత్రిలో ఫారం నింపకముందే మీ రాష్ట్రం నియమం కనుక్కోండి. అచ్చయ్యాక దిద్దించడం పెద్ద తలనొప్పి.

సమస్య: అందరూ అదే పేరు పెట్టారు

రెండు భాషలకూ నప్పే పేర్ల మీద అందరి కన్నూ ఉంటుంది. అమెరికాలో 2009, 2010లో ఇసబెల్లా, తర్వాత మూడేళ్లు సోఫియా, 2014 నుంచి 2018 దాకా ఎమ్మా, 2019లో ఒలీవియా మొదటి స్థానంలో నిలిచాయి. నాలుగూ స్పానిష్‌లోనూ ఒదిగే పేర్లే. సోషల్ సెక్యూరిటీ కార్యాలయం ఏటా రాష్ట్రాలవారీగా పేర్ల జాబితా పెడుతుంది. మీ రాష్ట్రం జాబితాలో మీరనుకున్న పేరు ఎక్కడుందో చూడండి. మరీ పైన కనబడితే అమేలియా బదులు అడేలా, ఒలీవియా బదులు నోరా ప్రయత్నించండి.

చివరి పరీక్ష ఫోన్లో చేయండి. స్పెల్లింగ్ చెప్పకుండా స్పానిష్ నానమ్మకు ఒకసారి, స్పానిష్ రాని స్నేహితురాలికి ఒకసారి పేరు చెప్పి, ఇద్దరినీ కాగితం మీద రాసి ఫొటో పంపమనండి. ఇద్దరి కాగితాల్లోనూ ఒకే స్పెల్లింగ్ వస్తే ఇక ఆలోచించకుండా ఆ పేరు పెట్టేయండి.