ఇంటి ఓనరు తాళం పగలగొడితే: ఫిర్యాదు రాసే పద్ధతి

ఓనరు తలుపు తోస్తుండగానే అయితే 112కు ఫోన్ చేయండి. వీలైతే వీడియో తీయండి. స్టేషన్‌లో ఇవ్వాల్సిన అర్జీ ఆ తర్వాత.

"ఇది సివిల్ గొడవ, కోర్టుకెళ్లండి" అని స్టేషన్ నుంచి తిప్పి పంపడం మామూలే. చాలాసార్లు ఆ అవకాశం ఇచ్చేది మన అర్జీయే. అడ్వాన్సు ఎంత, ఏ నెల అద్దె బాకీ అని రెండు పేజీలు రాస్తే అది డబ్బు తగాదాలాగే కనిపిస్తుంది. జరిగిన పని రాయండి: "ఫలానా తేదీ సాయంత్రం 6.40కి తాళం కప్ప పగలగొట్టి లోపలికొచ్చారు, మంచం, బట్టల మూట మెట్ల మీద పడేశారు, ఖాళీ చేయకపోతే చూస్తామని బెదిరించారు." భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన నేరాల చట్టం) 329వ సెక్షన్ ఇల్లు ఎవరి పేరున ఉందని అడగదు, ఎవరి స్వాధీనంలో ఉందని అడుగుతుంది. బెదిరించడానికో అవమానించడానికో చొరబడితే సొంత ఓనరైనా అక్రమ ప్రవేశమే.

కాబట్టి అసలు కాగితం స్వాధీనం రుజువు. అద్దె ఒప్పందం లేకపోయినా, గడువు దాటినా కంగారు పడనక్కర్లేదు; గడువు ముగిసినంత మాత్రాన బలవంతంగా బయటికి నెట్టే హక్కు ఓనరుకు రాదు. కరెంటు బిల్లు ఎక్కువగా ఓనరు పేరునే ఉంటుంది, దాన్నే నమ్ముకోకండి. ఓనరు ఖాతాకు నెలనెలా అద్దె వెళ్లినట్టు బ్యాంకు స్టేట్‌మెంటు, ఆ చిరునామాతో గ్యాస్ రశీదు, పక్కింటివాళ్ల సాక్ష్యం జత చేయండి. అద్దె చేతికిచ్చే అలవాటుంటే ఈ నెల నుంచే మానండి.

ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం. నమోదు చేయకపోతే అదే అర్జీని జిల్లా ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచండి; బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, పోలీసు, కోర్టు విధానాల చట్టం) 173(4) ఆ దారి చూపిస్తుంది. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్.

ఇంకా ఇంట్లోనే ఉంటే సివిల్ కోర్టులో ఇంజంక్షన్ దావా (బలవంతంగా ఖాళీ చేయించకుండా ఆపమని), దాంతోపాటే తాత్కాలిక ఉత్తర్వుకు పిటిషన్ వేయాలి. ఇప్పటికే బయటికి గెంటేసి ఉంటే స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ 6వ సెక్షన్ కింద స్వాధీనం తిరిగి అడగవచ్చు, గడువు మాత్రం 6 నెలలే. పోలీసు ఫిర్యాదు నడుస్తోందని ఆ లెక్క ఆగదు. "పెద్దమనుషుల్లో మాట్లాడుకుందాం" అని నెలలు జరపడం ఓనర్లకు తెలిసిన కిటుకే.

లాయరు ఫీజు భయంతో ఆగకండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, ఇంకా కొన్ని వర్గాలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా, మిగతావారికి ఆదాయ పరిమితిని బట్టి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. నంబరు 15100. ఆ దరఖాస్తుకు ఫీజు లేదు. గేటు దగ్గర ఎవరైనా "ఫారం ఖర్చు" అంటే డబ్బు తీయకుండా నేరుగా లోపలికెళ్లి అడగండి.