కొత్త విండోస్‌కు మారేముందు పాత డిస్క్‌ను తుడిచివేయకండి

గత నెలలో చెన్నై కోడంబాకంలో దంతవైద్యశాల నడుపుతున్న నెల్లూరు డాక్టరుగారొకరు ఫోన్ చేసి, కంప్యూటరుకు విండోస్ 11 వేయించినప్పటి నుంచి పంటి ఎక్స్‌రే తీసే సెన్సార్ పనిచేయడం లేదని చెప్పారు. వెళ్లి చూశాను. పనిచేసిన కుర్రవాణ్ణి తప్పుపట్టడానికి లేదు. రోగుల వివరాలు, పాత ఎక్స్‌రేలు, టాలీ లెక్కలు అన్నీ బయటి డిస్క్‌లోకి ఎక్కించి, ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్న తరువాతే ఫార్మాట్ చేశాడు. అయితే అటువంటి సెన్సార్లలో చాలావాటికి, ఒక్కొక్కదానికి విడిగా, దాని సీరియల్ నంబరుతో ఒక క్యాలిబ్రేషన్ ఫైల్ (ఆ సెన్సార్‌కు మాత్రమే సరిపోయే సవరింపుల ఫైల్) ఉంటుంది. దానిని సీడీలో ఇచ్చేవారు. సాఫ్ట్‌వేర్ వేసిననాడు అది ఆ సాఫ్ట్‌వేర్ ఫోల్డరు లోపలికి చేరి అక్కడే ఉండిపోతుంది. సొరుగు వెతికితే సీడీ పెట్టె దొరికింది, లోపల సీడీ లేదు. సెన్సార్‌ను గుర్తించిన సాఫ్ట్‌వేర్ ఆ ఫైల్ కావాలని అడిగి ఆగిపోయింది. ఆ నమూనా తయారీ ఎప్పుడో నిలిచిపోయింది.

“అన్నీ కాపీ చేశామన్నారు కదా బాబూ, మరి పోయిందేమిటి?” అని ఆయన అడిగారు.

పోయింది పాత డిస్క్. చెన్నైలో చిన్న దుకాణాలకు, ఆసుపత్రులకు కంప్యూటర్లు బాగుచేస్తూ నేను చూసిన నష్టాలలో అధికభాగం ఈ ఒక్క పొరపాటు వల్ల వచ్చినవే. మనం దాచుకునేది మనం తయారుచేసుకున్న ఫైళ్లను. పాత పరికరాన్ని నడిపించేది మాత్రం మన కంటబడని ఫైళ్లు. డ్రైవర్లు (పరికరాన్ని విండోస్‌తో కలిపే ప్రోగ్రాములు), క్యాలిబ్రేషన్లు, లైసెన్సులు, పోర్టు అమరికలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఫార్మాట్ చేసేముందు ఎవరూ పూర్తిగా జాబితా రాయలేరు. అందుకే పాత డిస్క్‌ను తుడిచివేయకండి.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పొడిగింపు పథకంలో చేరిన ఇళ్ల కంప్యూటర్లకు సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు వస్తాయి. గడువు దగ్గరపడేకొద్దీ తొందర పెరుగుతుంది. పైగా మన ఊళ్లో అవి ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యే రోజులు, కరెంటును నమ్మలేని రోజులు.

డిస్క్ విషయం

పాత డిస్క్‌ను విప్పి, దానిమీద యంత్రం పేరు, తేదీ రాసి పక్కన పెట్టండి. కొత్త ఎస్‌ఎస్‌డీ ఒకటి కొని కొత్త విండోస్‌ను దానిలో వేయండి. పరికరం పనిచేయకపోతే పాత డిస్క్ మళ్లీ బిగించి అరగంటలో దుకాణం తెరుచుకోవచ్చు. డిస్క్ విప్పడం వీలుకాని ల్యాప్‌టాప్ అయితే, క్లోన్‌జిల్లా వంటి ఉచిత సాధనంతో మొత్తం డిస్క్‌కు నకలు తీయండి. తీసేటప్పుడు ఏది మూలమో, ఏది గమ్యమో డిస్క్ పరిమాణం, సీరియల్ నంబరు చూసి నిర్ధారించుకోండి. తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి పాతదాని మీద పడుతుంది, నేను వద్దంటున్న పని మీ చేతులతోనే జరిగిపోతుంది.

పాతదాని మీదే అప్‌గ్రేడ్ చేసి, నచ్చకపోతే వెనక్కి వెళ్లవచ్చునని కొందరంటారు. ఆ వీలు మామూలుగా 10 రోజులే ఉంటుంది, తరువాత విండోస్ పాత ఫైళ్లను తానే తొలగిస్తుంది. నెలకొకసారి జీతాల పట్టీ తీసే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ లోపం బయటపడేసరికి ఆ గడువు దాటిపోతుంది.

బయోస్, బిట్‌లాకర్

విండోస్ 11 అడిగే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా అమరికల కోసం బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డు ప్రోగ్రాంలోకి) వెళ్లేముందు, డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూడండి. మీకు తెలియకుండానే ఆన్ అయి ఉండవచ్చు. బయోస్‌లో అమరికలు మారితే, తిరిగి తెరిచేటప్పుడు అది 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీని ముందే కాగితం మీద రాసి, డిస్క్‌తో కాకుండా వేరొకచోట ఉంచండి. పక్కన పెట్టిన పాత డిస్క్ కూడా ఆ కీ లేకుండా వేరే యంత్రంలో తెరుచుకోదు.

బయోస్‌లో లెగసీ అనే పాత బూట్ పద్ధతిని యూఈఎఫ్ఐ అనే కొత్తదానికి మార్చగానే కంప్యూటర్ లేవకపోతే భయపడి ఫార్మాట్ చేయకండి. ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో విభజించిన డిస్క్ ఆ మార్పుతో లేవదు, అంతే. అమరికను వెనక్కి తిప్పితే మామూలుగా లేస్తుంది. బయోస్ అప్‌డేట్‌ను మంచి యూపీఎస్ మీద, వాన లేని పూట మాత్రమే చేయండి. మధ్యలో కరెంటు పోతే మదర్‌బోర్డు మళ్లీ లేవకపోవచ్చు.

మిగిలినవి వరుసగా చెబుతున్నాను.

విండోస్ 11లో 32 బిట్ రకం లేదు. మీ ప్రింటరుకు, స్కానరుకు 64 బిట్ డ్రైవర్ ఉందో లేదో యంత్రం విప్పకముందే చూడండి, ఆ ఫైల్‌ను దించి దాచుకోండి. ఈరోజు కంపెనీ సైటులో ఉన్నది రేపు ఉంటుందని నమ్మవద్దు.

కోర్ 2 డువో అనే పాత ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న యంత్రాలను వదిలేయండి. 24హెచ్2 అనే 2024 వెర్షన్ నుంచి విండోస్ 11కు అవసరమైన ప్రాసెసర్ ఆదేశాలు వాటిలో లేవు, ఏ చిట్కాతోనూ రావు.

కంపెనీ డ్రైవర్ ఇవ్వని పాత స్కానరును పారవేసేముందు వ్యూస్కాన్ అనే సాఫ్ట్‌వేర్‌తో ప్రయత్నించండి.

రిచీ స్ట్రీటు ఎలక్ట్రానిక్స్ బజారులో యూఎస్‌బీ సీరియల్ తీగ (పాత సీరియల్ పోర్టు పరికరాన్ని యూఎస్‌బీకి కలిపేది) కొనేటప్పుడు లోపలి చిప్ ఏదో అడగండి. పీఎల్2303 రకం పాత చిప్‌లను కొత్త డ్రైవర్ నిరాకరిస్తుంది. తీగ చూడటానికి కొత్తగానే ఉంటుంది.

యూఎస్‌బీ ప్యారలల్ తీగ పెట్టినంతమాత్రాన ఎల్‌పీటీ1 అనే పాత ప్రింటర్ పోర్టు రాదు. డాస్ కాలపు బిల్లింగ్ ప్రోగ్రాం దాని ద్వారా నేరుగా ముద్రించలేదు. 16 బిట్ ప్రోగ్రాములైతే 64 బిట్ విండోస్‌లో అసలు తెరుచుకోవు.

పాత డ్రైవర్ కోసం మెమరీ ఇంటెగ్రిటీ అనే విండోస్ రక్షణను ఆపి, ఆ యంత్రం మీదే బ్యాంకు పనులు చేయవద్దు. డ్రైవర్ సంతకం తనిఖీని స్టార్టప్‌లో ఆపితే అది మళ్లీ స్టార్ట్ చేసేవరకే. రోజూ అలా నెట్టుకురావద్దు.

కొత్త విండోస్‌లో నడవని పరికరాన్ని దాని పాత కంప్యూటరుతోనే ఉంచండి, ఆ కంప్యూటరుకు ఇంటర్నెట్ తీగ పీకేయండి.

ఊరూపేరూ లేని డ్రైవర్ సైట్ల నుంచి ఏదీ దించవద్దు.

పాత డిస్క్ విప్పేముందే టాలీ లైసెన్సును సరెండర్ చేయండి, అంటే ఆ యంత్రం నుంచి విడిపించండి.

మార్చి నెలాఖరులో, జీఎస్టీ గడువు వారంలో ఈ పని పెట్టుకోవద్దు.

పని పూర్తయ్యాక, ప్రతి పరికరంతోనూ నిజమైన పని ఒకటి చేయించి చూసేవరకు కుర్రవాణ్ణి పంపవద్దు: ఒక బిల్లు, ఒక ఎక్స్‌రే, ఒక బరువు చీటీ.

పాత డిస్క్‌ను తుడిచివేయకండి. ఇస్తే కొత్తదానిలో నాలుగైదు వందలు తగ్గిస్తామని దుకాణంలో అడిగినా ఇవ్వకండి. కనీసం ఒక ఆర్థిక సంవత్సరం లెక్కలు ముగిసేవరకు అది మీ బీరువాలోనే ఉండాలి.