కడప కాలికి మంచు బూటు: ఎక్కడ నొప్పి, ఎందుకు, ఏం చేయాలి

కశ్మీర్‌లోని గుల్మార్గ్‌కు పోయి స్నోబోర్డ్ (రెండు కాళ్లూ ఒకే పలకకు బిగించుకుని మంచు వాలు మీద జారే ఆట) నేర్చుకుంటానంటే మా ఇంట్లో ముందు నవ్వారు, తర్వాత సంచిలో నాలుగు జతల సాక్సులు ఎక్కువ పెట్టారు. కడపలో పుట్టినవాడికి చలి అంటే ఉన్న భయం అది. మూడు చలికాలాలు పోయొచ్చాక చెప్తున్నా, ఏదైనా సొంతంగా కొనాలనుకుంటే ముందు బూట్లు కొనండి. బోర్డు అక్కడ అద్దెకు దొరుకుతుంది, పదిమంది వాడినా దానికేం కాదు. అద్దె బూటు మాత్రం పదిమంది కాళ్లకు సాగిపోయి, చివరికి ఎవరి కాలికీ పట్టకుండా తయారవుతుంది.

చిక్కేమిటంటే, మన ఊళ్లో వేసి చూసుకునే షాపు లేదు. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిందే. కాబట్టి బూటు ఇబ్బంది పెడుతుంటే అది ఎక్కడ, ఎందుకు అన్నది ఇంట్లోనే పట్టుకోగలగాలి, వాపసు గడువు దాటకముందే.

నడుస్తుంటే మడమ పైకి లేస్తోంది

నూటికి తొంభై మంది దీన్ని పట్టించుకోరు, పైగా "వదులుగా హాయిగా ఉంది" అంటారు. నేనూ అదే అన్నాను. మామూలు షూ యూకే 8 నంబరు వేసుకుంటాను, మంచు బూటు కాస్త పెద్దగా ఉంటే మేలని 9 కొన్నాను. మంచు మీద నిలబడ్డాక తెలిసింది. స్నోబోర్డ్‌ను తిప్పేది చేతులతో కాదు, ఒకసారి మడమల మీద, ఒకసారి మునివేళ్ల మీద బరువు వేసి. మునివేళ్ల వైపు వాలినప్పుడు బూటు లోపల మడమ లేచిందంటే ఆ కదలిక బోర్డుకు చేరదు. బోర్డు తిరగదు, మనం పడతాం. ఆ రోజు ఎన్నిసార్లు పడ్డానో లెక్క లేదు.

కారణం దాదాపు ఎప్పుడూ సైజే. ఈ బూట్లకు అసలు కొలత సెంటీమీటర్లలో ఉంటుంది, దాన్ని మోండో అంటారు. బూటు నాలుక లోపలి చీటీ మీద 26.5 అనో, మిల్లీమీటర్లలో 265 అనో రాసి ఉంటుంది. మన పాదం పొడవు అంతే అని అర్థం. కొలవడానికి మనకో సౌకర్యం ఉంది, ఇంట్లో కడప బండలు. నల్లటి బండ మీద సుద్దగీత చక్కగా కనపడుతుంది. సాయంత్రం, కాళ్లు కాస్త ఉబ్బిన వేళ, మడమను గోడకు ఆనించి నిలబడి, పొడవైన వేలి దగ్గర గీత గీయమని ఎవరికైనా చెప్పండి. రెండు పాదాలూ కొలవండి, పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోండి. నాది 26.5 వచ్చింది. ఆ లెక్కన నాకు కావాల్సింది యూకే 7.5, నేను కొన్నది 9!

సైజు సరిగా ఉండీ కొంచెం లేస్తోందంటే అప్పుడు కట్టే పద్ధతి చూడాలి. కాలు పెట్టాక మడమను నేలకేసి రెండుసార్లు కొట్టి వెనక్కి జరపండి. మోకాలు వంచి, ముందు లోపలి మెత్తటి బూటు తాడు బిగించి, ఆ తర్వాతే బయటి తాళ్లు లాగండి. చాలామంది లోపలిది వదిలేసి బయటిదాన్ని బలంగా బిగిస్తారు. దానివల్ల పాదం పైభాగం నొక్కుకుపోతుంది తప్ప మడమ కదలకుండా ఉండదు. ఇంకా ఖాళీ ఉంటే చీలమండ చుట్టూ, లోబూటు బయటివైపు అతికించే నురుగు ముక్కలు దొరుకుతాయి, వాటిని జే బార్లంటారు. ఒకటిన్నర నంబరు పెద్ద బూటును మాత్రం అవి కూడా కాపాడలేవు. నాది అమ్మేశాను.

వేళ్లు ముందు తగులుతున్నాయి

భయపడి వాపసు పంపకండి. నిటారుగా నిలబడితే వేళ్లు బూటు ముందు అంచుకు తేలిగ్గా తగలాలి, మోకాళ్లు వంచితే వెనక్కి జరగాలి. అదే సరైన సైజు. పైగా లోబూటు కొన్ని రోజుల వాడకంలో నలిగి కొంత చోటిస్తుంది. వేళ్లు లోపలికి ముడుచుకుంటేనే అర నంబరు పెంచండి.

చిటికెనవేలి పక్కన ఒరుసుకుంటోంది

ఇది మన బాధ. చెప్పులతో, వట్టికాళ్లతో పెరిగిన పాదం ముందువైపు వెడల్పుగా ఉంటుంది. నొప్పి పక్కన ఉంటే పొడవు పెంచడం పొరపాటు, మళ్లీ మడమ దగ్గరికే వస్తాం. అదే నంబరులో వైడ్ అని రాసి ఉన్నది వెతకండి. చాలా లోబూట్లు వేడికి మెత్తబడి పాదం ఆకారం తీసుకుంటాయి, కానీ ఆ పని సామాను ఉన్న షాపులో చేయించాలి. మా బంధువొకాయన "హెయిర్ డ్రయ్యర్ పెడితే సరిపాయె కదప్పా" అన్నాడు. వద్దు.

పాదం తిమ్మిరెక్కుతోంది, వేళ్లు గడ్డకడుతున్నాయి

ఈ రెండింటికీ చాలాసార్లు కారణం ఒకటే, రక్తం సరిగా ఆడకపోవడం. చలి కదా అని నేను రెండు జతల కాటన్ సాక్సులు వేసుకుని, గోండోలా (తీగ మీద నడిచే కేబుల్ కారు) రెండో దశలో అఫర్వత్ కొండ మీద దిగాను. అరగంటలో కాళ్లు ఉన్నాయో లేవో తెలియలేదు. రెండు సాక్సులు పాదాన్ని నొక్కేస్తాయి, కాటన్ చెమటను పీల్చి తడిగానే ఉండిపోతుంది, ఆ తడే చల్లబడుతుంది. ఒకే జత, పలచటి మెరినో ఉన్నిది గానీ సింథటిక్‌ది గానీ, పిక్క వరకు వచ్చేది చాలు. ఇంట్లో పెట్టిన నాలుగు జతలూ సంచిలోనే ఉండిపోయాయి. సాక్సు మార్చినా తిమ్మిరి తగ్గకపోతే బైండింగ్ (బూటును బోర్డుకు బిగించే అమరిక) పట్టీ చీలమండ మీద మరీ బిగిసిందేమో చూసి, పట్టీ మీది గాట్లలో ఒకటి వదులు చేయండి.

పిక్క ముందు ఎముక నొప్పికి ఎక్కువసార్లు కారణం సాక్సు మడత, లేదా బూటులోకి దోపిన థర్మల్ ప్యాంటు అంచు. తీసేస్తే పోతుంది.

పాదం కింద గుంట పట్టేస్తోంది

కొత్తవాళ్లు పడతామనే టెన్షన్‌తో వేళ్లతో నేలను పట్టుకున్నట్టు బిగిస్తారు, అదొక కారణం. రెండోది, బూటుతో వచ్చే అట్ట లాంటి ఇన్‌సోల్. గుంటకు ఆసరా ఇచ్చే ఇన్‌సోల్ విడిగా కొని వేసుకోండి.

బూటు బాగుంది, బోర్డుతో కుదరడం లేదు

అన్ని చోట్లా పనికొచ్చే ఒక్క జత కావాలంటే మూడు విషయాలు చూసుకోవాలి. గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు చెప్తారు. కంపెనీకో లెక్క ఉన్నా 4-6 మధ్యది నేర్చుకునేటప్పుడూ, తర్వాతా పనికొస్తుంది. 8 దాటింది కొంటే వాలు దిగేముందు నడవడానికే చచ్చిపోతాం. రెండోది, కొక్కేలతో బైండింగ్‌లోకి నేరుగా దిగే స్టెప్ ఆన్ లాంటి రకాలు వాటి సొంత బైండింగ్‌కే పనికొస్తాయి. అద్దెకు సాధారణంగా దొరికేవి పట్టీ బైండింగ్‌లు, కాబట్టి మామూలు బూటే మేలు. మూడోది తాళ్లు. చిన్న చక్రం తిప్పితే తీగ బిగుసుకునే బోవా హాయిగానే ఉంటుంది, కానీ తీగ తెగితే దాని ముక్క మనకెక్కడ దొరుకుతుంది? మామూలు తాడు ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. నా ఓటు తాడుకే.

పాదం పెద్దదైతే, యూకే 9-10 దాటితే, బోర్డు అద్దెకు తీసుకునేటప్పుడు వెడల్పుది అడగండి. లేదంటే బూటు ముక్కు బయటికొచ్చి మంచుకు రాసుకుంటుంది.

రెండో ఏడాదికి అడుగు ఊడిపోయింది

ఇది బూటు తప్పు కాదు, మన సజ్జ తప్పు. కొన్ని బూట్ల అడుగున పాలీయురేథేన్ నురుగు ఉంటుంది. వేడికి, గాలిలో తేమకు అది లోపల్లోపలే పెళుసెక్కి పొడి అవుతుంది. నేను తడి సరిగా ఆరకుండానే ప్లాస్టిక్ కవర్లో కట్టి స్లాబు కింద సజ్జ మీద పెట్టాను, 40 డిగ్రీలు దాటే ఎండాకాలం మొత్తం. తీసి చూస్తే అడుగు పిండిలా రాలింది. చెప్పులు కుట్టే ఆయన తిప్పి తిప్పి చూసి, "ఇది కుట్టేదీ కాదు, అంటించేదీ కాదు సార్" అన్నాడు. ఇప్పుడు ఇంటికి రాగానే లోబూటు బయటికి తీసి, ఫ్యాను కింద రెండు రోజులు ఆరబెడతాను. ఎండలో కాదు, హీటరు ముందూ కాదు. ఆరాక గుడ్డసంచిలో వేసి మంచం కింద పెడతాను, ఇంట్లో చల్లగా ఉండే చోటు అదొక్కటే.