గేర్ బాక్స్ దించే ముందు ఇవి చూడుండ్రి

పికప్ బండి కింద నుంచి ఏ సౌండ్ వచ్చినా మా దేవరకొండ దిక్కు డ్రైవర్లది ఒకటే మాట: "బాక్స్ పోయింది మేస్త్రీ, దించుదాం." బాక్స్ అంత జల్ది పోదు. డిండి మీదుగ శ్రీశైలం ఘాట్ ఎక్కి దిగే బండి అయినా, బత్తాయి లోడుతో బాటసింగారం మార్కెట్‌కు పోయే బండి అయినా, అందుల ముందు పాడయ్యేవి క్లచ్, బాక్స్ నుంచి వెనుక చక్రాల దిక్కు పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్లు, ఆ షాఫ్ట్‌ను నడుమ పట్టుకునే సెంటర్ బేరింగ్, ఆయిల్ సీళ్లు. ఇవన్నీ బాక్స్ బయట ఉండేవే. సౌండ్ ఎంత పెద్దగ ఉందన్నది నాకు ముఖ్యం కాదు, ఎప్పుడు వస్తుందన్నది కావాలె. అది మీరు సరిగ్గ చెప్తే సగం పని అయిపోయినట్టే.

ముందుగాల "గుంజుతలేదు" అనే కంప్లైంట్ చూద్దాం. మూడో గేర్‌ల లోడుతో చిన్న ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కుండ్రి. ఇంజన్ గట్టిగ అరుస్తూ స్పీడ్ మాత్రం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టు. ఇంజనే లేవకపోతే, పొగ కొట్టుకుంట మూలిగితే క్లచ్‌ను తిట్టొద్దు. డీజిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, టర్బో నుంచి పోయే రబ్బర్ పైపు చూసుకోవాలె. ఆ పైపు పగిలితే బండి సగం సచ్చినట్టు నడుస్తది. బీఎస్6 (పొగ తగ్గించే కొత్త రూల్) బండ్లల్ల డాష్‌బోర్డ్ మీద చెక్ లైటు వెలిగితే కొన్నిసార్లు కంప్యూటరే పవర్ తగ్గిస్తది, దానికి స్కానర్ పెట్టాలె గానీ స్పానర్ కాదు.

క్లచ్ మీదనే అనుమానం ఉంటే ఇంకో పరీక్ష ఉంది. చదునైన జాగల హ్యాండ్ బ్రేక్ గట్టిగ గుంజి, ముందట మనిషి లేకుండ చూసుకొని, మూడో గేర్ వేసి క్లచ్ మెల్లగ వదులుండ్రి. మంచి క్లచ్ అయితే ఇంజన్ గుప్పున ఆగిపోతది. ఆగకుండ నడుస్తనే ఉంటే ప్లేట్ అయిపోయినట్టే. ఒక్కసారి చేస్తే చాలు. పదిసార్లు చేస్తే మిగిలిన ప్లేట్‌ను మీరే కాల్చినట్టు.

జారుడు వేరు, విడువకపోవుడు వేరు. ఇంజన్ బంద్ ఉన్నప్పుడు గేర్లన్నీ మెత్తగ పడి, స్టార్ట్ చేసినంక గట్టిగ అయితే, రివర్స్ వేస్తే గర్రుమంటే, క్లచ్ పూర్తిగ విడుస్తలేదు. పెడల్‌ను రెండు మూడు సార్లు గబగబ తొక్కి గేర్ వేసి చూడుండ్రి. అప్పుడు మెత్తగ పడితే తప్పు హైడ్రాలిక్ లైన్‌లది: గాలి చేరిందో, మాస్టర్ సిలిండర్ గానీ స్లేవ్ సిలిండర్ గానీ కారుతుందో. క్లచ్ ఆయిల్ డబ్బాల మట్టం చూసి, స్లేవ్ రబ్బర్ బూటు మడత తీసి చూస్తే తడి కనబడ్తది. కిట్ వేసి గాలి తీస్తే అయిపోయే పని ఇది. దీనికి బాక్స్ దించిచ్చుకున్నోళ్లు మా దిక్కు మస్తు మంది ఉన్నరు.

ఇగ సౌండ్ల సంగతి. బండి ఆపి, న్యూట్రల్‌ల ఇంజన్ నడువనిచ్చి, రేడియో బంద్ చేసి కూర్చోండ్రి. క్లచ్ మీద కాలు లేనప్పుడు గరగర సౌండ్ ఉండి, పెడల్ పూర్తిగ తొక్కితే పోతే, బాక్స్ లోపలి ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ మీద అనుమానం. తొక్కినప్పుడు మాత్రమే కీచుమంటే క్లచ్‌ను నొక్కి విడిపించే రిలీజ్ బేరింగ్. క్లచ్ మీద కాలు పెట్టే నడిపేటోళ్లకు, ఘాట్‌ల హాఫ్ క్లచ్ మీద బండి నిలబెట్టేటోళ్లకు ఈ బేరింగ్ ఎక్కువ కాలం రాదు.

నడుస్తుంటే వచ్చే ఊళకు లెక్క ఇంకోటి. ఒక్క గేర్‌లనే ఊళ వేస్తే ఆ గేర్ పళ్లే. అన్ని గేర్లల్ల ఉండి నాలుగులకు రాంగనే తగ్గిపోతే బాక్స్ లోపల కింద తిరిగే లే షాఫ్ట్ బేరింగ్‌లను చూడాలె. మన పికప్‌లల్ల వచ్చే చాలా 5 గేర్ల బాక్సులల్ల నాలుగోది డైరెక్ట్ గేర్. ఇన్‌పుట్ షాఫ్ట్ నుంచి మెయిన్ షాఫ్ట్‌కు శక్తి నేరుగ పోతది, కింది లే షాఫ్ట్ తిరుగుతది గానీ దాని మీద బరువు పడదు. నాలుగుల గూడ అదే సౌండ్ ఉంటే బాక్స్‌ను పక్కన పెట్టి వెనుకకు పోండ్రి. గేర్ మార్చేటప్పుడు ఒక్కదాంట్లనే గర్రుమంటే అది గేర్ మెత్తగ పడేటట్టు చేసే సింక్రో రింగ్ అరుగుడు. దిగువల యాక్సిలరేటర్ వదలంగనే మూడో గేర్ తన్నుకొని బయటకొస్తే సింక్రో హబ్ కావొచ్చు, గానీ దానికంటే ముందు బాక్స్ కింది మౌంటింగ్ రబ్బర్, గేర్ లీవర్ బుష్‌లు చూడుండ్రి. రబ్బర్ తెగితే బాక్స్ కదిలి గేర్‌ను తనే బయటకు గుంజుతది.

ఇప్పుడు బండి కిందికి. చక్రాలకు ముందు వెనుక రాళ్లు పెట్టకుండ, ఉత్త జాక్ మీద లేపి కిందికి దూరొద్దు. స్టాండ్లు లేకపోతే ఆ పని నాకు వదిలేయుండ్రి.

బండి కదిలేటప్పుడు, ముందుకూ వెనుకకూ మార్చేటప్పుడు "ఠక్" మంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ల లోపలి క్రాస్‌ల మీద చెయ్యి వేయాలె. న్యూట్రల్‌ల పెట్టి, జాయింట్‌కు అటొక చెయ్యి ఇటొక చెయ్యి పట్టి ఎదురెదురుగ తిప్పుండ్రి. క్రాస్ కప్పుల దగ్గర ఆట (వదులు) కనబడొద్దు. కప్పుల చుట్టు ఎర్రటి తుప్పు పొడి ఉంటే లోపల గ్రీజు ఎండిపోయి సూది బేరింగులు పొడి అయితున్నట్టు. మా నేల మన్ను గూడ ఎర్రదే కాబట్టి గుడ్డతోని తుడిచి, కొంచెం నడిపి మళ్ల చూడుండ్రి. మన్నయితే జాయింట్ అంతా పరుచుకొని ఉంటది, తుప్పయితే కప్పు అంచు నుంచే ఊరుతది. ఇంకో మాట: షాఫ్ట్‌ను తిప్పితే హౌసింగ్ (వెనుక చక్రాల నడుమ ఉండే గుండు) దిక్కు కొంచెం ఆట మంచి బండికి గూడ ఉంటది. దాన్ని చూసి భయపడొద్దు.

లోడుతో కదిలేటప్పుడు నడుమ వణికి, స్పీడ్ అందుకున్నంక సర్దుకుంటే సెంటర్ బేరింగ్ రబ్బర్ తెగి ఉంటది. ఒక స్పీడ్‌ల, 50 నుంచి 60 అనుకోండ్రి, ఏ గేర్‌ల ఉన్నా అదే వణుకుడు వస్తే షాఫ్టో టైర్లో. గేర్ మార్చి ఇంజన్ రేస్ తగ్గితే వణుకుడు గూడ మారితే అది ఇంజన్, క్లచ్ దిక్కుది. ఈ పరీక్ష ఖాళీ చదును రోడ్డు మీద చేయాలె. మన్ననూరు చెక్‌పోస్ట్ దాటినంక శ్రీశైలం ఘాట్ దిగువలల్ల న్యూట్రల్ చేసి చూద్దామనే ఆలోచన గూడ వద్దు. షాఫ్ట్ ఎప్పుడు విప్పినా పెయింట్‌తోని గుర్తు పెట్టి, విప్పినట్టే బిగించాలె. ఒక్క పన్ను అటు ఇటు అయి షాఫ్ట్ రెండు కొనల ఫోర్కులు లైన్ తప్పితే కొత్త క్రాస్‌లు వేసినా వణుకుతది. ఎక్కువ లోడు కోసం కమాన్ పట్టీలు పెంచినోళ్లకు గూడ జాయింట్ కోణం మారి ఇదే బాధ.

హౌసింగ్ కారుడు గురించి జెర ఎక్కువ చెప్పాలె, ఎందుకంటే దీంట్లనే పైసలు ఊరికే పోతయి. సీల్ మార్చుతరు, నెల తిరగకముందే మళ్ల కారుతది, సీల్ డూప్లికేట్ అని షాపోన్ని తిడ్తరు. హౌసింగ్ పైన చిన్న టోపీ లెక్క ఒకటి ఉంటది, కొన్ని బండ్లకు రబ్బర్ పైపు ఉంటది. అదే బ్రీదర్. లోడుతో నడిస్తే హౌసింగ్ వేడెక్కి లోపలి గాలి పెరుగుతది, ఆ గాలి బ్రీదర్ నుంచి బయటకు పోవాలె. మన చెల్క దారుల దుమ్ము, నాట్ల కాలంల పొలం బురద పట్టి అది మూసుకుపోతే గాలికి దారి ఉండదు. అప్పుడు షాఫ్ట్ హౌసింగ్‌కు కలిసే దగ్గరి పినియన్ సీల్ నుంచో, యాక్సిల్ సీల్ నుంచో ఆయిల్‌ను తోస్తది. యాక్సిల్ సీల్ నుంచి వచ్చిన ఆయిల్ బ్రేక్ లైనర్ల మీద పడితే వెనుక బ్రేక్ పట్టదు. సీల్ కొనే ముందు ఆ టోపీని వేలుతోని తిప్పి, డీజిల్‌ల కడిగి, ఊది చూడుండ్రి. ఖర్చు లేదు.

బాక్స్‌ది గానీ హౌసింగ్‌ది గానీ ఆయిల్ చూసేటప్పుడు బండి చదునుగ నిలబెట్టి, ముందు పోసే ప్లగ్ విప్పాలె. అది పట్టేసి రాకుంటే కింది ప్లగ్ జోలికి పోవద్దు, లేదంటే ఉన్న ఆయిల్ పోయి కొత్తది పోసే దారి ఉండదు. వేలి కొన పెడితే బొక్క కింది అంచు దాకా ఆయిల్ తగలాలె. కింది ప్లగ్ అయస్కాంతానికి బూడిద రంగు మెత్తటి ముద్ద ఉంటే మామూలే. వేళ్ల నడుమ రాస్తే గుచ్చుకునే ముక్కలుంటే పళ్లు విరుగుతున్నట్టు. గేర్ బాక్స్ ఆయిల్‌ల పసుపు మెరుపు కనబడితే సింక్రో రింగుల ఇత్తడి. పాల లెక్క తెల్లగుంటే నీళ్లు పోయినయి: వేడి మీదున్న హౌసింగ్‌ను వాగుల దించితే లోపల గాలి సల్లబడి నీళ్లను గుంజుకుంటది. అప్పుడు మార్చుడే, ఆగొద్దు. హౌసింగ్‌ల పోసే జీఎల్-5 ఆయిల్ మిగిలిందని బాక్స్‌ల పోయొద్దు, బండి పుస్తకంల ఏం రాసుంటే అదే.

క్లచ్ హౌసింగ్ కింద చుక్కలు పడ్తుంటే వాసన చూడుండ్రి. గేర్ ఆయిల్‌కు గంధకం లెక్క కంపు ఉంటది, అంటే ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్. కంపు లేకుండ నల్లగ పల్చగ ఉంటే ఇంజన్ వెనుక సీల్. ఏదైనా క్లచ్ ప్లేట్ మీద పడుతది.

యాక్సిలరేటర్ ఇస్తే ఊళ, వదిలితే మాయం, లేదంటే దానికి ఉల్టా అయితే హౌసింగ్ లోపలి క్రౌన్, పినియన్ పళ్లు. మలుపుల మాత్రమే సౌండ్ మారితే చక్రం నడిమి హబ్ బేరింగ్. ఎడమకు తిప్పితే పెరిగితే కుడి దిక్కుది అనుకోండ్రి, బరువు అటే పడుతది కదా. పది కిలోమీటర్లు నడిపి నాలుగు హబ్‌ల దగ్గరికి చెయ్యి తీసుకపోతే ఏది ఎక్కువ కాగుతుందో తెలుస్తది. అయితే బ్రేక్ పట్టేసినా అట్లనే కాగుతది.

ఇవన్నీ చూసినంక గూడ తప్పు బాక్స్ లోపలిదే అయితే దించుదాం. దించినప్పుడు క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ కలిపి చూసుకోవాలె, దించే కూలి ఎట్లాగూ ఒకటే. ఫ్లైవీల్ మీద నీలి మచ్చలు, పగుళ్లు ఉంటే ప్లేట్ ఒక్కటే మార్చి పంపను. దారిల ఆగిపోతే వెనుక చక్రాలు నేల మీద పెట్టి దూరం లాక్కొని రావొద్దు. ఇంజన్ బంద్ ఉంటే బాక్స్ లోపల ఆయిల్ పైకి చిమ్మదు, మెయిన్ షాఫ్ట్ ఎండిపోయి తిరుగుతది. హౌసింగ్ దిక్కు ఫ్లాంజి బోల్టులు నాలుగు విప్పి, షాఫ్ట్‌ను ఛాసిస్‌కు తాడుతో గట్టిగ కట్టి తీసుకొని రాండ్రి. గుర్తు పెట్టుడు మరువొద్దు, ఆ బోల్టులు గూడ వెంట తెండ్రి.